రెండొందల పదమూడో కాగితం

విస్కాన్సిన్‌లో గవర్నరు ఎన్నిక అయిన మూడో వారం. కౌంటీ కోర్టు కింది అంతస్తు. ఓట్లు మళ్ళీ లెక్కపెడుతున్న హాలు బయట బెంచీ. మధ్యాహ్నం ఒంటిగంటన్నర.

"...అయితే పెట్రిక్ ముసలమ్మే. ఆవిడే అయుంటుంది, ఆర్డిస్. తడిసిన కుక్కని లోపలికి లాక్కొచ్చింది చూడు, ఆ గొడవలో పేరు రాయడం మర్చిపోయుంటాను."

"రాశావు. నూట నలభై నాలుగు. నీ చేతిరాతే."

"కుక్క గోల్లో కూడా రాశానా?"

"రాశావు డెల్మర్."

"పోనీ ష్రేడర్ కవలలు? ఇద్దరూ ఒకే రకం టోపీలు పెట్టుకుని దిగారు. ఒకడి పేరు రాసి, రెండోవాణ్ణి కూడా వాడేననుకుని..."

"డెబ్భై ఒకటి, డెబ్భై రెండు. ఫోను కూడా చేశాను. అడివిలో ఉన్నారు, జింక కోసం మాటు వేసి. గుసగుసగా రెండు ముక్కలు చెప్పి పెట్టేశారు."

"అదృష్టవంతులు. జింకల వేట వారంలో నేను ఇలా కప్పు కింద కూర్చున్నది నా జన్మలో లేదు. వేట కోటు వేసుకుని కోర్టు బెంచీ మీద కూర్చున్నా. చూసినవాళ్ళు ఏమనుకుంటారు?"

"డెల్మర్, ఇరవై తొమ్మిది నిమిషాలుంది."

"తెలుసమ్మా. గోడ మీద గడియారం నాకూ కనిపిస్తోంది."

"ఇంకెవరు? ఆలోచించు."

"ఆలోచిస్తూనే ఉన్నాగా. నా బుర్ర ఇంతే. పుస్తకంలో పేర్లు రెండొందల పన్నెండు. పెట్టెలో ఓటు కాగితాలు రెండొందల పదమూడు. పేరు రాసేది నేను. కాగితం ఇచ్చేది ఐయోన్. అన్నీ చూసుకునేది నువ్వు, టౌన్ క్లర్కువి. ఎవరో ఒకళ్ళు నా బల్ల దాటుకుని పోయారు, నేను రాయలేదు. ఇరవై ఆరేళ్ళలో ఒక్క అంకె తప్పలేదు నాది. తప్పక తప్పక ఈ ఏడే తప్పాలా?"

"తప్పింది నువ్వని ఎవరన్నారు?"

"ఇంకెవరంటావు మరి? కాగితాలు పిల్లల్ని పెడతాయా పెట్టెలో?"

"ఆర్డిస్ గారూ, డెల్మర్ గారూ, ఏమన్నా గుర్తొచ్చిందా?"

"ఇంకా లేదమ్మా ఫెల్ట్‌నర్."

"రెండింటిదాకా ఆగుతాం. లెక్కింపు బోర్డు ఛైర్మన్‌గా అంతకన్నా నేను చెయ్యగలిగింది లేదు. ఆ రాయని మనిషి ఎవరో మీకు గుర్తొచ్చి, వాళ్ళు వచ్చి ప్రమాణం చేస్తే పేరు కలుపుకుంటాం. లేకపోతే తెలుసుగా, కాగితాలన్నీ ఒక పెట్టెలో పోసి, చూడకుండా ఒకటి తీసి పక్కన పడేస్తాం. అది లెక్కలోకి రాదు."

"తెలుసు."

"రాజధాని నుంచి ఇప్పుడే మళ్ళీ ఫోనొచ్చింది. రాష్ట్రంలో మిగిలిన లెక్క ఇదొక్కటే. మన టామరాక్ ఊరు ఒక్కటే. లోపల పదకొండు మంది లాయర్లున్నారు, ఐదుగురు వీళ్ళవాళ్ళు, ఆరుగురు వాళ్ళవాళ్ళు. నా ఊపిరి కూడా రాసుకుంటున్నారు."

"తేడా అంతేనా? మారలేదా?"

"అంతే. క్విగ్లీకి ఒకటి ఎక్కువ."

"ఒకటి!"

"ఒకటే, డెల్మర్ గారూ. నేను లోపలుంటాను."

"విన్నావా ఆర్డిస్? ఇరవై ఆరు లక్షల మంది ఓటేస్తే ఒకటి. పోయిన వారం మావాడు క్విగ్లీ నలభై ముందన్నారు. తర్వాత తొమ్మిది. నిన్న మీ థోర్సనమ్మ మూడు ముందుంది అన్నారు, నేను రాత్రి అన్నం ముట్టలేదు. పొద్దున మళ్ళీ మావాడు ఒకటి. ఈ ఒకటి మీద నా ప్రాణం వేలాడుతోంది."

"మన ఊరి నుంచి ఒకటి తీసేస్తారు. అది మీవాడిదైతే సమానం."

"అదేగా నా ఏడుపు. మన ఊళ్ళో మావాడికి నూట ముప్ఫై ఒకటి, మీ ఆవిడకి ఎనభై రెండు. చెయ్యి పెడితే మావాడిదే వచ్చేలా ఉంది. సమానమైతే ఇంకేం జరుగుతుందో ఆ దేవుడికే తెలియాలి. చీటీలేస్తారో, నాణెం ఎగరేస్తారో. నా చేతగానితనం వల్ల గవర్నరు కుర్చీ బొమ్మా బొరుసూ అయిపోద్ది."

"నీ వల్ల కాదన్నానా."

"కాదంటే ఎవరిదో చెప్పు మరి. సరే, ఇంకోటి. నేనే ఏమో?"

"నువ్వేంటి?"

"అందరి పేర్లూ రాసి నా పేరు మర్చిపోయానేమో. పొద్దున్నే తలుపు తియ్యకముందే మనం ముగ్గురం వేశాం కదా. ఐయోన్ని రాశా, నిన్ను రాశా, నన్ను నేను... చూడు, అలాంటి తెలివితక్కువ పని నేను చెయ్యగలను."

"మొదటి అంకె నీదే. డెల్మర్ హాకిన్సన్, ఒకటి. రెండు ఐయోన్. మూడు నేను."

"ఛ. అది కూడా సరిగ్గా చేసి చచ్చానా."

"నవ్వకు."

"నవ్వడం లేదు తల్లీ. నాకు నవ్వెక్కడిది. ఇదిగో, కాఫీ తాగు."

"వద్దు."

"పొద్దున్నించి ఏం తినలేదు నువ్వు."

"వద్దన్నాగా."

"సరే. అయితే ఇలా చేద్దాం. రెండు కొట్టగానే నేను లోపలికెళ్ళి చెప్తాను. డెబ్భై నాలుగేళ్ళ ముసలాణ్ణి, కళ్ళు సరిగ్గా ఆనవు, ఎవరినో ఒకళ్ళని రాయకుండా వదిలేశాను, ఎవరో గుర్తులేదు. తప్పు నాది అని రాసిస్తాను. నన్ను తీసేస్తారు. తియ్యనీ. వచ్చే ఏడు జింకల వారం హాయిగా అడివిలో ఉంటాను."

"ఎందుకు రాసిస్తావు? నువ్వు చెయ్యనిదానికి?"

"నేను చెయ్యలేదని నీకంత గట్టిగా ఎలా తెలుసు?"

"...తెలుసు. నీ పని నాకు తెలుసు కాబట్టి."

"ఊఁ."

"ఏంటి ఊఁ?"

"ఏం లేదు. మీ విల్బర్ ఉంటే ఈపాటికి నన్ను ఆడుకునేవాడు. 'ఒరేయ్ డెల్మర్, పన్నెండు తర్వాత పదమూడు వస్తుందిరా, బళ్ళో చెప్పలేదా' అని. శుక్రవారం చేపల విందులో ఊరందరి ముందూ అనేవాడు."

"అనేవాడు."

"నీ ధైర్యం మాత్రం గొప్పది ఆర్డిస్. కట్టుకున్నవాడు ఆదివారం పోయాడు. గురువారం పూడ్చాం. మధ్యలో మంగళవారం ఎన్నిక. వెళ్ళొద్దని అందరం చెప్పాం. వినలేదు. పొద్దున ఆరింటికి తాళాలు పట్టుకుని నిలబడ్డావు. పైగా పుస్తకంలో విల్బర్ పేరు మీద ఎర్ర సిరాతో 'మరణించెను' అని నువ్వే గీత కొట్టావు. నేను రాస్తాను ఇటియ్యి అంటే ఇవ్వలేదు."

"అది నా పని."

"ఇంటి నుంచి ఓటేసి పంపిన ఆయన పోస్టు కవరు కూడా నీ చేత్తోనే పక్కన పెట్టావు. చచ్చిపోయినవాడి ఓటు చెల్లదు, అది రూలు అన్నావు. నేను ఇంటికెళ్ళి మా ఆవిడకి చెప్పి ఏడ్చాను తెలుసా. నేనైతే చెయ్యలేకపోయేవాణ్ణి."

"ఇప్పుడదంతా ఎందుకు?"

"ఊరికే. గుర్తొచ్చింది."

"ఇరవై నిమిషాలుంది. మధ్యాహ్నం వచ్చినవాళ్ళలో చూడు. నూట యాభై తర్వాత."

"మధ్యాహ్నం ఒక ఇరవై నిమిషాలు నేను లేను కదా."

"లేవా?"

"లేను. ఎదురుగా చర్చి ఆడవాళ్ళు ఆపిల్ పై పెట్టారని వెళ్ళాను. ఐయోన్ కుర్చీలో కునుకుతోంది. పుస్తకం నీ దగ్గర పెట్టి వెళ్ళాను."

"ఆ టైంలో ఎవరూ రాలేదు."

"ఎవరూ?"

"ఒక్కరూ రాలేదు డెల్మర్. మంచు పడుతోంది. ఎవరొస్తారు?"

"నిజమే. ఎవరొస్తారు."

"ఎందుకలా చూస్తున్నావు?"

"ఆర్డిస్, నేనొకటి అడుగుతాను. కోప్పడకు."

"అడుగు."

"పొద్దున బోర్డు వాళ్ళు మన గోధుమరంగు సంచీ విప్పి, చెల్లని కవర్లు బల్ల మీద పోశారు చూడు. మూడే ఉన్నాయి మనవి. రెండు, సాక్షి సంతకం లేనివి. ఒకటి విల్బర్‌ది."

"అయితే?"

"పక్కన పెట్టిన కవరంటే అంటించింది అంటించినట్టే ఉండాలి కదా. ఆ రెండూ అలాగే ఉన్నాయి. విల్బర్‌ది బోర్లా పడింది. అంచు కోసి ఉంది. చక్కగా, కత్తిపెట్టి కోసినట్టు. మనం ఓటు కవర్లు కోసే కత్తి. ఎవరూ చూళ్ళేదు. కవర్లు మూడు అని లెక్కపెట్టుకుని మళ్ళీ సంచీలో పడేశారు. నేను చూశాను. పొద్దున తొమ్మిదిన్నరకి చూశాను ఆర్డిస్. అప్పట్నుంచీ పెట్రిక్ ముసలమ్మ అనీ, కవలలు అనీ, నేనే అనీ నీ ముందు గంతులేస్తున్నాను. నువ్వే చెప్తావేమోనని. ఏదీ, చెప్పవే."

"తెలిసే అడిగావా ఇంతసేపూ?"

"తెలిసే తప్పు నా మీద వేసుకుంటానన్నాను. అదైనా చూసి చెప్తావనుకున్నాను."

"కాస్త మెల్లగా మాట్లాడు."

"మెల్లగానే ఉంది నా గొంతు. విల్బర్ కాగితం ఓట్ల మిషన్లో పెట్టావా లేదా?"

"పెట్టాను."

"దేవుడా."

"పెట్టాను. నువ్వు ఆపిల్ పై తినడానికెళ్ళినప్పుడు. ఐయోన్ గురక పెడుతోంది. పక్కన పెట్టిన కవరు సంచీలో వేద్దామనే తీశాను. నిజం చెప్తున్నా డెల్మర్, సంచీలో వేద్దామనే. దాని మీద ఆయన సంతకం ఉంది. వంకరగా, కోడి గెలికినట్టు. కింద సాక్షి సంతకం నాది. చెయ్యి అదంతటదే కత్తి మీదకెళ్ళింది."

"ముప్ఫై ఒక్క ఏళ్ళు క్లర్కుగా చేసి!"

"అవును, ముప్ఫై ఒక్క ఏళ్ళు. ఎంతమందికి చెల్లదని చెప్పానో. ఒక రోజు ఆలస్యమైన కవరు తీసుకోనందుకు మా చెల్లెలు ఏడాది నాతో మాట్లాడలేదు. ఆ మనిషినే నేను. పెట్టాను."

"ఎందుకే? ఒక్క కాగితం కోసం..."

"ఆ కాగితం ఎలా గీశాడో నీకు తెలీదు. వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టాను, దిండ్లు ఆనించి. రోజంతటికీ చెయ్యి రెండు మూడు సార్లు లేచేది అంతే. పెన్ను పట్టుకోలేడు. నేను మణికట్టు కింద చెయ్యి ఆనించి పట్టుకున్నాను, ఊరికే బరువు ఆపడానికి. ఎటు పోతే అటు పోనిచ్చాను. పేరు పక్కన ఒక్క గుండ్రం నింపడానికి నలభై నిమిషాలు పట్టింది. గవర్నరు ఒక్కటే. మిగతావి నాకు ఓపిక లేదన్నాడు. అంటించాక, 'నువ్వు వేస్తావుగా?' అన్నాడు. వేస్తానన్నాను. అంతే. ఆ తర్వాత నాతో పెద్దగా మాట్లాడింది లేదు. నాలుగు రోజులకి పోయాడు. వేస్తానన్నాను డెల్మర్. నలభై ఆరేళ్ళ కాపురంలో ఆయన నన్ను ఏదీ అడగలేదు. తాగే నీళ్ళు కూడా తనే లేచి తెచ్చుకునేవాడు."

"అయ్యో ఆర్డిస్."

"ఓ పక్క పుస్తకంలో ఆయన పేరు మీద ఎర్రగీత కొట్టేశాను. అంకె ఎక్కడ వెయ్యను? అలా ఒకటి ఎక్కువైంది. పోతే పోయింది, ఒక్కటేగా, ఎవరు చూస్తారు అనుకున్నాను. రాష్ట్రమంతా ఒక్కటి దగ్గర ఆగిపోతుందని నాకెలా తెలుసు? ఇప్పుడు నోరు విప్పితే ఏమవుతుంది చెప్పు? ఆ కాగితం ఏదో తీసి పక్కన పెట్టడానికి లేదు. గవర్నరు ఒక్కదానికే గీసినవి పొద్దున పన్నెండు కనిపించాయి, అన్నీ వంకర గీతలే. మన ఊళ్ళో వణకని చేతులెన్నున్నాయి? నేను గుర్తుపట్టానన్నా ఒప్పుకోరు. చూడకుండానే తియ్యాలి. నేను చెప్పినా రెండింటికి పెట్టెలో చెయ్యి పెడతారు. చెప్పకపోయినా పెడతారు. పాపం ఎవరిదో పోతుంది. పాలు పితికి, ఆ మంచులో పద్నాలుగు మైళ్ళు బండి తోలుకుంటూ వచ్చినవాళ్ళది. ఏం చెయ్యను? పొద్దున్నించి చేతులు కట్టేసినట్టుంది నాకు."

"నాకిప్పుడు అర్థమైంది."

"ఏం అర్థమైంది?"

"అందుకా ఆపిల్ పై తినిరా వెళ్ళు అని నన్ను అంత బలవంతంగా పంపావు."

"నేను పంపలేదు. నీ అంతట నువ్వే వెళ్ళావు."

"సరేలే. నీ మీద నాకు కోపం రావాలి. రావడం లేదు, అదే నా బాధ. నలభై ఏళ్ళు నేనూ విల్బరూ ఒకే మనిషికి ఓటేసింది లేదు. మీ ఇంటి ముందు మీ పార్టీ బోర్డు, మా ఇంటి ముందు మా పార్టీ బోర్డు. మధ్యలో ఒక కంచె. ఆయన కాగితం మీ ఆవిడకి పడిందనే కదా ఇప్పుడు నేను గంతులెయ్యాలి. లాయర్ల దగ్గరికి పరిగెత్తాలి. చచ్చినవాడితో ఓటేయించింది థోర్సన్ పార్టీ క్లర్కు అని అరవాలి."

"అరువు."

"అరవను."

"అరువు డెల్మర్. నువ్వు అరిస్తే నాకు కొంచెం తేలికవుతుంది."

"అరిచి ఏం లాభం? ఇన్నేళ్ళ పేరు బుగ్గిలో కలుస్తుంది, జైలంటారు, విల్బర్ సమాధి దగ్గరికి పేపరువాళ్ళు పోతారు. దేనికి? మీరు ఒకటి కలుపుకున్నా మావాడు ఇంకా ఒకటి ముందే ఉన్నాడు. నిజంగా చూస్తే రెండు ఓట్లు ముందున్నాడన్నమాట. పోనీ. ఆ ఒక్కటి విల్బర్‌కి నేను వదిలేస్తున్నాను. స్నేహితుడికి ఆమాత్రం ఇవ్వలేనా?"

"డెల్మర్..."

"ఆగు, నన్ను చెప్పనీ. నేను లోపలికెళ్ళి, మర్చిపోయింది నేనే అని రాసిస్తాను. నువ్వు నోరు మెదపకు. ఒక కాగితం తీస్తారు. మీదైతే సరే. మాదైతే సమానమవుతుంది, అప్పుడు ఏడుద్దాం."

"అలా కాదు. నువ్వు విను..."

"ఆఖరి నెలంతా రోజూ మధ్యాహ్నం వచ్చి ఆయన పక్కన కూర్చున్నాను నేను. పేపరు చదివి వినిపించేవాణ్ణి. మావాడి గురించి రాసినదంతా గట్టిగా, మీ ఆవిడ గురించి మింగేసి. ఆయనకి తెలుసు, నవ్వేవాడు. మాట సరిగ్గా రావడం లేదు, కళ్ళతోనే నవ్వేవాడు. ఒరేయ్ విల్బర్, నువ్వు పోతే నేను ఎవరితో పోట్లాడాలిరా అంటే చెయ్యి నొక్కాడు. అలాంటివాడి కాగితం కోసం నిన్ను బజారుకి లాగుతానా?"

"డెల్మర్ గారూ! రెండయింది. ఏమన్నా గుర్తొచ్చిందా?"

"వస్తున్నానమ్మా ఫెల్ట్‌నర్. గుర్తు రాలేదు. నాదే తప్పు, లోపలికొచ్చి రాసిస్తాను."

"సరే. ఇంకోమాట. కాగితం ఎవరు తియ్యాలన్నదాని మీద లాయర్లు అరగంట కొట్టుకున్నారు. చివరికి రెండు పక్కలవాళ్ళూ మీ పేరుకే ఒప్పుకున్నారు. మీకన్నా నిజాయితీపరుడు దొరకడన్నారు. పెట్టె పైకెత్తి పట్టుకుంటాం, మీరు కప్పు వైపు చూస్తూ చెయ్యి పెట్టి ఒకటి తియ్యాలి."

"నేనా? నేను తియ్యనమ్మా. నా కళ్ళే సరిగ్గా ఆనవు."

"పరవాలేదు. ఒక్క నిమిషంలో రండి."

"విన్నావా ఆర్డిస్. చివరికి నా చేత్తోనే తియ్యమంటున్నారు. ఇంతకన్నా ఏం కావాలి. ఏడవకు, లే. కోటు పట్టుకో. తేలిపోయే విషయమే, మావాడు ఒకటి ముందున్నాడు. విల్బర్ ఓటు అందులో ఉన్నా లేకపోయినా గెలిచేది మావాడే."

"ఒక్క నిమిషం ఆగు. తలుపు తియ్యకు."

"ఏంటి? మళ్ళీ ఏంటి?"

"నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను అన్నాను కదా. ఎటు పోతే అటు పోనిచ్చాను అన్నాను కదా."

"అన్నావు."

"రోజూ మధ్యాహ్నం పేపరు మడిచి లేచేటప్పుడు నువ్వు ఆయనతో ఒకటి అనేవాడివి. గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి."

"ఏమన్నాను? ఏదో హాస్యానికి... చాలా అన్నాను, ఏది?"

"చచ్చేలోపు ఒక్కసారన్నా మావాడికి వెయ్యరా అని."

"అవును, అది ఊరికే... ఆర్డిస్? ఏంటలా చూస్తావు?"

"వేశాడు డెల్మర్."